తాతముద్ద

మా ఇంట్లో తాతకి శనివారం శనివారం కొబ్బరినూనె రాసేవారు. రాయకపోతే తుప్పు పడతాడు.

నవ్వకండి. కొండపాలెం ఉక్కు మిల్లు కాలనీలో ఇలాంటి ఇళ్లు మాది కాక ఇంకా ఉన్నాయి. మిల్లులో ఎవరైనా కరిగిన ఉక్కులో పడిపోతే మనిషి మిగలడు. ఎముక సరే, బూడిద కూడా దొరకదు. దహనం చెయ్యడానికి ఏమీ లేనప్పుడు ఇంటివాళ్లు ఏం చెయ్యాలి? అందుకని ఆ ఉక్కుని అమ్మరు. కడ్డీలై ఎవరింటి స్లాబులోకో పోకూడదని మొత్తం తీసుకెళ్లి యార్డు చివర ఇసుకలో పారబోస్తారు. పారబోసే ముందు ఒక గరిటెడు తీసి చిన్న అచ్చులో పోసి ఇంటివాళ్లకిస్తారు. అదీ ఎలా పడితే అలా పొయ్యరు. ఇంటావిడని పిలిపించి, ఆమె వచ్చి నిలబడేదాకా ఉక్కుని చల్లారనివ్వకుండా కాచి ఉంచి, ఆమె కళ్లముందే పోస్తారు. లేకపోతే వేరే ఇనుమేదో అంటగట్టారని రేపు అనుమానం రాదూ! ఇది మిల్లువాళ్లు రాసిన రూలు కాదు. కొలిమి దగ్గర చెమటోడ్చేవాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టు.

మా తాత గురువులు అలాగే ఇంటికి వచ్చాడు, సన్నికల్లంత ముద్దయి. నానమ్మ పోలమ్మ దాన్ని దేవుడి మూలలో పీట మీద పెట్టింది. శనివారం పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టి, దాంతో ఊసులాడేది. ఊళ్లో ఎవరు పోయారు, చేపల ధర ఎంత పెరిగింది, నేను ఎంత పెంకిదాన్ని, అన్నీ చెప్పేది. మధ్యమధ్యలో "ఇనబడతందేటి?" అని అడిగేది. చిన్నప్పుడు నేనూ తమ్ముడు హేమంతూ తాతముద్ద అని పిలిచేవాళ్లం. పరీక్షలకి వెళ్తూ దానికే దండం పెట్టేవాళ్లం.

తాత ఎలా పోయాడన్నదానికి మాత్రం రెండు కథలున్నాయి. మిల్లు కాగితాల్లో కాలు జారి పడ్డాడు. కాలనీలో దూకేశాడంటారు.

నిప్పు లేనిదే పొగ రాదని జనం ఊరికే అనరు. మిల్లు కట్టినప్పుడు భూములు పోయిన ఇంటికి ఒక్కటంటే ఒక్క ఉద్యోగం ఇచ్చారు. మా నువ్వుచేను ఇప్పుడు రెండో కొలిమి కింద ఉంది. ఆ ఒక్క ఉద్యోగమూ తాతకి వచ్చింది. కొడుక్కి, అంటే మా నాన్న నూకరాజుకి, చేనూ లేదు, పనీ లేదు. అయితే డ్యూటీలో ప్రమాదం జరిగి పోయినవాడి కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. కావాలని ప్రాణం తీసుకుంటే ఇవ్వరు. తాత పోయిన నెల తిరక్కుండా నాన్న తాత పడిన ప్లాట్‌ఫారమే ఎక్కాడు, అదే కొలిమి ముందు నిలబడ్డాడు. మేం తిన్న ప్రతి మెతుకూ ఆ ఉద్యోగంలోంచి వచ్చిందే. మా అమ్మ జబ్బు చేసి పోయేదాకా తిన్న మందులు కూడా.

"తాత జారాడా, దూకాడా?" అని నానమ్మని అడిగితే, "జారినాడు. నోరు ముయ్యి" అనేది. ఇంకోసారి అడిగితే చీపురు తీసేది.

* * *

నేను మిల్లు ల్యాబ్‌లో అసిస్టెంటుని. మా పెద్ద మేడమ్ పేరు కల్యాణీ సేనాపతి, టెక్కలి వైపు మనిషి. కొన్ని రైలు పట్టాలు ఎందుకు పగులుతున్నాయో వెతకమని ఆవిడకి పని అప్పజెప్పారు. ఆవిడ వెతికింది ఒకటి, దొరికింది మరొకటి.

తోడేసిన పాలగిన్నెని కదిపితే పెరుగు విరిగి అందులో గీతలు పడతాయి కదా. ఉక్కూ అంతే. కరిగిన ఉక్కు గట్టిపడుతున్నప్పుడు చుట్టుపక్కల ఏ చప్పుడైనా అయితే ఆ అదురు లోపలి రవ్వల్లో గీతలై నిలిచిపోతుంది. మేడమ్ ఆ గీతల్ని చదివే మిషను చేసింది. ముక్కని నున్నగా చెక్కి, ఆసిడ్‌తో కడిగి, కెమెరాతో చూసి, గీతల్ని తిరిగి చప్పుడుగా మారుస్తుంది. ఒక పొర చదవడం అయ్యాక దాన్ని చెక్కేసి కింద పొర చదువుతుంది. అంటే చదివిన ఉక్కు చదివినట్టే పొడైపోతుంది. ఉక్కు పైనుంచి లోపలికి గట్టిపడుతుంది కాబట్టి పై పొరలో మొదటి మాట, నడిమధ్యలో చివరి మాట ఉంటాయి.

మొదటిరోజు ఒక ముక్కని చదివితే ఏం వినిపించిందో తెలుసా? క్రేను మూలుగు, ఎవరో దగ్గడం, తర్వాత "ఒరేయ్, నా కేరేజీలో చేపముక్క ఎవుడు దొబ్బినాడ్రా?" అన్న కేక. మేడమూ నేనూ కుర్చీల్లోంచి పడిపోయేంత నవ్వాం.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. గోడలకి చెవులుంటాయంటారు, మా మిల్లులో ఉక్కుకే చెవులొచ్చాయని పైవాళ్లకి తెలిసిపోయింది. పోత పోసే దగ్గర ఎవడేం మాట్లాడాడో ముక్కలు కోసి వినడం మొదలుపెట్టారు. ఆఫీసరుని అమ్మనాబూతులు తిట్టినందుకు ఒకాయన్ని సస్పెండ్ చేశారు, తిట్టిన చాలా రోజుల తర్వాత. దాంతో పోత దగ్గర జనం నోళ్లు కట్టేసుకున్నారు. అంతకుముందు కేకలు, పాటలు, పరాచికాలు ఉండే చోట ఇప్పుడు చేతి సైగలే. నాన్న ఇంటికొచ్చి, "నోరు గేటు దగ్గర పెట్టి లోపలికెళ్తున్నామమ్మా" అన్నాడు. మేడమ్‌కి చెప్తే ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. "నేను పగుళ్లు వెతకడానికి చేశాను ఝాన్సీ" అంది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న ల్యాబ్‌కి వచ్చాడు. నేను చేరాక ఒక్కసారి కూడా రానివాడు. మిషను చుట్టూ తిరిగి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది పాత ఇనుముని కూడా చదువుతాదా?"

"ఎంత పాతదైనా చదువుతుంది. గట్టిపడ్డప్పుడు ఏం వినిందో అదే ఉంటుంది. ఆ తర్వాత దానికి చెవుడే."

"మరి తాతముద్ద?"

"తాత గొంతు ఉండదు నాన్నా. ముద్ద పోసేసరికి తాత పోయి చాలాసేపయింది. చుట్టూ నిలబడ్డవాళ్ల మాటలుంటాయి. అంతే."

"ఆళ్ల మాటలే నాకు కావాల. ఆళ్లందరూ చూసినోళ్లు."

పాపం, తండ్రి గురించి నిజం తెలుసుకోవాలని ఈ వయసులో ఎంత తపన పడుతున్నాడో అనుకుని నా గుండె కరిగిపోయింది. పైగా నాలో ఇంకో ఆశ కూడా ఉంది, ఎందుకు దాచాలి? అంత పాత ఉక్కుని ఎవరూ చదవలేదు. అది నా చేతిమీదుగా జరగాలని ఉంది. సాయంత్రం ఇంటికెళ్లగానే నానమ్మని అడిగేశాను.

ఆవిడ రోట్లో చింతపండు పచ్చడి నూరుతోంది. పొత్రం పైకెత్తి చూపించింది. "ముద్ద మీద సెయ్యేసినావంటే ఈ పొత్రంతో ఇరగ్గొడతాను. మనిషిని ఓపాలి కాల్సినారు. ఇప్పుడు సెక్కుతారేటి?"

* * *

మా తమ్ముడు హేమంత్ నోట్లో నువ్వుగింజ నానదు. అదే మంచిదయింది.

వాడు ఐటీఐ చదివి మిల్లులోనే గ్యాస్ కటింగ్ పనికి కాంట్రాక్టు మీద వెళ్తున్నాడు. పనున్నప్పుడు పిలుస్తారు, లేనప్పుడు పొమ్మంటారు. ఇరవై ఏడేళ్లొచ్చినా గేటు పాసు మీద వాడి పేరు పెన్సిలుతోనే రాస్తారు. ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వచ్చి నవ్వుతూ చెప్పాడు.

"అక్కా, నాన్నకి మతి పోయింది. నా సర్టిఫికెట్లన్నీ జిరాక్సులు తీయించి ఫైల్లో పెట్టించాడు. ఫొటోలు దిగమన్నాడు. ఏ ఉద్యోగానికి నాన్నా అంటే చెప్పడే!"

"ఏదైనా పోస్టు పడిందేమో."

"మిల్లులో పోస్టులు పడి ఎన్నాళ్లయింది? ఇంకోటి విను. ప్లాట్‌ఫారం మీద సేఫ్టీ బెల్టు పెట్టుకోవట్లేదంట. ఆయన బ్యాచివాళ్లు నన్ను తిడతన్నారు, మీ నాన్నకి చెప్పుకోరా అని."

నా చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నాన్నకి వచ్చే నెలాఖరుకి రిటైర్మెంటు. జిరాక్సులు, ఫొటోలు, బెల్టు, తాతముద్ద. ఒక్కొక్కటే వచ్చి పక్కపక్కన నిలబడ్డాయి. హేమంత్‌కి ఏమీ చెప్పకుండా కిందకి దిగాను. మేకుకి నాన్న సేఫ్టీ బెల్టు వేలాడుతోంది. నాన్న అరుగు మీద కూర్చుని బూట్లకి లేసులు ఎక్కిస్తున్నాడు.

"నాన్నా, తాత దూకాడని తెలిస్తే ఏం చేస్తావు?"

"ఏం చేత్తాను? తెలుసుకుంటాను."

"హేమంత్‌కి జిరాక్సులెందుకు?"

లేసు చివర దారం విడిపోతే నాలుకతో తడిపి సన్నగా చేశాడు. "వచ్చే నెల దాటితే నేను పోయినా దండగేనమ్మా" అన్నాడు.

అంత మామూలుగా అన్నాడు. ఉప్పు అయిపోయింది, కొనాలి అన్నట్టు. "నువ్వు మనిషివేనా? వాడికి ఉద్యోగం కావాలని వాడి తండ్రిని కాల్చుకు తింటాడా? సిగ్గులేదా నాన్నా?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

ఆయన కోప్పడలేదు. "గట్టిగా అరవకు. మా నాయన నాకోసం చేసుంటే, నా కొడుక్కి నేను చెయ్యలేనా? చెయ్యలేదనుకో, జారిపోయాడనుకో, నాకూ అంత ధైర్యం లేదు. నీ మీద ఒట్టు, రిటైరైపోయి ఇంట్లో కూర్చుంటాను. అందుకే తెలియాల."

"తెలియకపోతే?"

"ఇన్నాళ్లూ దూకాడనే అనుకుని బతికినాను."

అంటే ముద్దని చదవకపోయినా పోతాడు. చదివితే, జారాడని తేలితే మాత్రమే ఉంటాడు. చదివి నేనే అబద్ధం చెప్పేద్దామా అని కూడా ఆలోచించాను. కుదరదు. ఆ నిలబడ్డవాళ్లందరితో నాన్న పనిచేశాడు, ఒక్కొక్కరి గొంతూ ఎరుగును. పక్కన కూర్చుని తన చెవులతో వింటే తప్ప నమ్మడు. పై ఆఫీసుకి చెప్పి ప్లాట్‌ఫారం మీదనుంచి దింపించేద్దామనీ అనుకున్నాను. ఆయన చెయ్యాలనుకుంటే ఆ మిల్లులో చోటుకి కరువా!

ఇక నాకు మిగిలింది నానమ్మే. వంటింట్లోకెళ్లి ఆవిడ పక్కన కూలబడి అంతా చెప్పేశాను. చెప్తున్నంతసేపూ ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

"నానమ్మా, నీకు దండం పెడతాను. తాత జారాడా, దూకాడా?"

చీపురు తియ్యలేదు. చేతిలో బియ్యం చేటలో వదిలి, "నాను సెప్తే ఆడు ఇనడు. ఆడి అబ్బ సెప్తే ఇంటాడు" అంది.

"తాత గొంతు అందులో ఉండదే. పోసేసరికే తాత..."

"నీకేటి తెల్సు? ఆయన అందులోనే ఉన్నాడు గదేటి! మనిషున్న కాడ గొంతుండదా?"

ఆ చేట నా ఒళ్లోకి లాక్కుని నేనే రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్న ల్యాబ్ బయట సెక్యూరిటీవాళ్ల గొడవ వినిపిస్తే వెళ్లి చూశాను. నానమ్మ ఆటో దిగి నిలబడి ఉంది. పాతచీరలో చుట్టిన ముద్దని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. అంత బరువు ఎలా మోసిందో ఆ దేవుడికే తెలియాలి. ముద్దకి ఆ పూట నూనె రాసి, కొత్త బొట్టు పెట్టింది.

"కోసీయండి" అంది.

* * *

మేడమ్ నా మొహం చూసి తలుపు గడియ పెట్టింది.

నేను కబురు పెడితే నాన్న మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్తూ వచ్చాడు. యూనిఫారం వేసుకున్నాడు, హెల్మెట్ చేతిలో ఉంది. నడుముకి బెల్టు లేదు. ఆ మూల స్టూలు మీద నానమ్మ, గోడకి ఆనుకుని నాన్న, మిషను దగ్గర నేను. మిషను గొంతు చించుకుని ముద్దని చెక్కడం మొదలుపెట్టింది. మొదట పోయింది పసుపు, బొట్టు. నానమ్మ కళ్లు మూసుకుంది.

పై పొరల్లో అంతా హోరు. తర్వాత బూట్ల చప్పుడు. ఎవరో ముక్కు చీదారు. ఒకరు "ఒరే గురువులుగా, గురువులుగా" అంటూ అదే పనిగా ఏడుస్తున్నారు. నాన్న ముందుకు వంగాడు. "ఆది బాబాయి" అన్నాడు. తాతతో పాటు కొలిమి దగ్గర పనిచేసిన ఆది బాబాయి పోయి పదేళ్లయింది.

మిషను మళ్లీ చెక్కింది. ఇంకో గొంతు, బరువుగా, అలవాటైన పెద్దరికంతో వచ్చింది.

"అందరూ ఇనండి. కాలు జారినాడు. నూనె మరకుంది అక్కడ, దాని మీద జారినాడు. దూకినాడని ఎవుడి నోటెంటైనా ఒచ్చిందంటే గుంటడికి ఉద్యోగం రాదు, ఆడు సచ్చిందానికి అర్దం ఉండదు. తెలిసిందా? ఏటి మాటాడరు?"

"తెలిసింది."

"జారినాడు."

"జారినాడు."

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నిలబడ్డవాళ్లందరూ చెప్పారు.

నేను నాన్న మొహంలోకి చూడలేకపోయాను. చూశాక ఎందుకు చూశానా అనిపించింది. ఏడుస్తాడనుకున్నాను. ఆయన మొహం తేటపడింది. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువేదో దింపినట్టు భుజాలు సర్దుకున్నాడు. హెల్మెట్ తలకి పెట్టుకున్నాడు.

"చాలమ్మా. మిగతాది ఆపీయి. అమ్మకి సగమైనా ఉంటాది. షిఫ్టుకి టైమైంది."

"నాన్నా, కూర్చో."

"తెలియాల్సింది తెలిసింది."

తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. అప్పుడు నానమ్మ లేచి వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది. ఆయన ఛాతీదాకా వస్తుంది మనిషి.

"కూకో. ఆయనింకా మాటాడ్లేదు."

"అమ్మా, ముద్ద మొత్తం పోతాది."

"పోనీ. కొయ్యే ఝాన్సీ!"

కోశాను. మేడమ్ వచ్చి మీట మీద నా చేతికి తన చెయ్యి కలిపింది. మిషను లోపలికి, ఇంకా లోపలికి వెళ్లింది. సన్నికల్లంత ముద్ద చిన్నదై కొబ్బరికాయంత అయింది. తర్వాత నిమ్మకాయంత. కింద తట్టలో నల్లటి పొడి కుప్పపడుతోంది. చాలాసేపు హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడొచ్చింది ఆ కేక.

ఆడగొంతు. పడుచుగొంతు.

"ఏటి సేసినావు... ఏటి సేసినావు గురువులూ! నానడిగానా ఉద్యోగం? నీ కొడుకడిగాడా? గంజి తాగి బతకమా, ఊరెల్లి అడుక్కుతినమా! ఈల్లు నిన్ను జారినావని సెప్పమంతన్నారు. సెప్తాను. గుంటడి కూటికోసం సచ్చిందాకా అదే సెప్తాను. గానీ నువ్విను. నిన్ను నాను సెమించను. నూనె రాసి పూజ సేసినా సెమించను. ఏడేడు జన్మలకీ సెమించను. ఇనబడతందా నీకు? ఇనబడతందా..."

అక్కడితో ఉక్కు గట్టిపడిపోయింది. ఆ తర్వాత దానికి ఏమీ వినబడలేదు.

మిషను ఆగింది. భర్తని పేరు పెట్టి పిలవని కాలపు మనిషి మా నానమ్మ. ఇన్నేళ్లలో ఆ పేరు ఆవిడ నోట నేను వినలేదు.

నానమ్మ తల ఒక పక్కకి వంచి వింటున్నట్టే ఉంది. "ఎవులే ఆ ఆడది? అంతలాగ ఏడుస్తంది?" అంది.

నాన్న గోడ పట్టుకుని కిందకి జారిపోయాడు. హెల్మెట్ దొర్లుకుంటూ వెళ్లి మిషను కాలికి తగిలి ఆగింది.

"నువ్వే నానమ్మా" అన్నాను.

"నాను కాదు. నానక్కడ కళ్లుతిరిగి పడిపోనాను. అందరూ సెప్పినారు."

"పడిపోకముందు, నానమ్మా."

ఆవిడ నన్ను చూసింది, తట్టలో పొడిని చూసింది. "మరి ఆయనో? ఆయనేటన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఒక్క మాటా అన్లేదా?"

"లేదు నానమ్మా. అందులో తాత గొంతు లేదు. నీదే ఉంది."

ఆవిడ ఏడవలేదు. వెళ్లి నాన్న పక్కన నేలమీద కూర్చుంది. నాన్న ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "పూజ సేత్తన్నావనుకున్నానమ్మా. నన్నూ అలాగే పెట్టుకుంటారనుకున్నాను" అన్నాడు. ఆవిడ ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది, గట్టిగా. ఆ తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

* * *

ఒట్టు కోసం నాన్న ఆగాడనలేను, తాత దూకాడనే తేలింది కదా. కానీ వెళ్లలేదు. నెలాఖరుదాకా బెల్టు పెట్టుకుని డ్యూటీ చేశాడు. చివరిరోజు దండ వేసి, శాలువా కప్పి, జీపులో ఇంటిదగ్గర దింపారు.

సేనాపతి మేడమ్ మిషను అక్కడే వదిలేసి బదిలీ మీద వెళ్లిపోయింది. మిల్లువాళ్లు దాన్ని వాడుతూనే ఉన్నారు. పోత దగ్గర ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

హేమంత్ ఇప్పటికీ కాంట్రాక్టే. జరిగిందంతా వాడికి నేనే చెప్పాను, చెప్పకపోతే ఎవరి ద్వారానో వింటాడని. వాడు అంతా విని, "తాత నాన్నకి ఇచ్చాడు. నాన్న ఇవ్వలేకపోయాడు" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. అప్పుడు వాడి కళ్లు చూసి ఊరుకున్నాను. ఆ రోజునుంచి నాన్నతో అవసరానికి తప్ప మాట్లాడడు. నాన్న కూడా వాడి కంచం వైపు చూడడు. ఈ ఇంట్లో ఇంకో ముద్ద గట్టిపడుతోందని నాకు తెలుసు. దాన్ని చదివే మిషను లేదు.

తట్టలో పొడిని నేను స్టీలు డబ్బాలో పోసి తెచ్చి పీట మీద పెట్టాను. సముద్రపు గాలికి అది కొన్నాళ్లకే ఎర్రగా తుప్పు పట్టింది. పొడికి నూనె ఎలా రాస్తారు? నానమ్మ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసి, ఇంకెప్పుడూ తియ్యలేదు. దానితో మాట్లాడటం కూడా మానేసింది.

అయితే శనివారం పొద్దున్నే చేతులు ఊరుకోవు కదా. అలవాటు. మొన్న శనివారం నూనెగిన్నె పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగి, అరుగు మీద పేపరు చదువుకుంటున్న నాన్నని చొక్కా విప్పించి ముందు కూర్చోబెట్టుకుంది. అరవై ఏళ్ల మనిషి సిగ్గుపడుతూ కూర్చున్నాడు. ఆవిడ తలకి నూనె పెట్టి, భుజాలకి రాసి, కొలిమి సెగకి కమిలి నల్లబడిన వీపుకి రాసింది. నాన్న చక్కిలిగిలి పుట్టి పక్కకి వంగాడు.

"తిన్నగా కూకో" అని నెత్తిమీద మొట్టింది. "ఇనుమే నయం. ఇన్నేళ్లలో ఒక్కపాలి కదల్లేదు."

నాన్న మళ్లీ కదిలాడు. ఆవిడ మళ్లీ తిట్టింది.

"ఇనబడతందేటి?"

"ఇనబడతంది అమ్మా" అన్నాడు నాన్న.